ఎనిమిది వేయడం వస్తే బండి వచ్చినట్టే: ద్విచక్ర వాహన లైసెన్సు, ఆ తర్వాతి రోజువారీ ప్రయాణం

లైసెన్సు పరీక్ష అనగానే మన రెండు రాష్ట్రాల్లో ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేది ఎనిమిది. నేల మీద ఎనిమిది అంకె ఆకారంలో వేసిన ట్రాకులో కాలు కింద పెట్టకుండా, గీత దాటకుండా, ఇంజను ఆగిపోకుండా తిరిగి రావాలి. పక్కన నిలబడి చూసేవాళ్లకు అది చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ, హైవే మీద ఎనభైలో వెళ్లి వచ్చిన కుర్రాళ్లు సైతం రెండో మలుపులో కాలు దింపేస్తుంటారు. వేగంగా వెళ్లేటప్పుడు బండి తనంతట తానే నిలబడుతుంది, నెమ్మదిగా వెళ్లేటప్పుడు దాన్ని మనం నిలబెట్టాలి. బజారులో, సిగ్నల్ దగ్గర, పెళ్లి ఊరేగింపు వెనుక, బురద సందులో మనకు రోజూ కావలసింది ఆ రెండో విద్యే కాబట్టి, ఎనిమిదిని ఒక్క పూట గండంగా చూడకుండా శ్రద్ధగా నేర్చుకోవాలని నా అభిప్రాయం.

మొదట ఎల్ఎల్ఆర్, అంటే బండి నేర్చుకునేవారికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు, తీసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 50 సీసీ లోపు గేర్లు లేని బండికి 16 ఏళ్లు, మిగతా ద్విచక్ర వాహనాలకు 18 ఏళ్లు నిండి ఉండాలి. ఇప్పుడు మన వీధుల్లో తిరిగే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ దాటినవే గనుక, 'మా వాడికి పదహారు నిండాయి, స్కూటీ నడపవచ్చు' అన్న మాట చెల్లదు. దరఖాస్తులో వాహనం తరగతి దగ్గర కాస్త ఆగి ఆలోచించండి. గేర్లు లేని తరగతి ఎంచుకుంటే ఆ లైసెన్సుతో గేర్ల బండి నడపకూడదు. ప్రస్తుతం ఇంట్లో స్కూటర్ మాత్రమే ఉన్నా, వీలైతే గేర్ల బండి నేర్చుకుని ఆ తరగతికే దరఖాస్తు చేయడం మంచిది. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ లైసెన్సుతో పాటు అందులోని తరగతిని కూడా చూస్తుంది.

రవాణా శాఖ వెబ్‌సైటులో దరఖాస్తు నింపి, రుసుము కట్టి, స్లాటు తీసుకోవాలి. వయసుకూ చిరునామాకూ రుజువులు ఉండాలి. ఆరోగ్యం బాగానే ఉందని స్వయంగా ఇచ్చే ధ్రువీకరణ ఫారం 1 కాగా, 40 ఏళ్లు దాటినవారు వైద్యుడి సంతకంతో ఫారం 1ఏ కూడా ఇవ్వాలి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు ఒకే విధంగా ఉందో లేదో ఇంట్లోనే సరిచూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట పూర్తిగా ఉండటం వల్ల వెనక్కి తిరిగి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

ఎల్ఎల్ఆర్ పరీక్ష కంప్యూటరు మీద ఉంటుంది, తెలుగులోనే రాయవచ్చు. 60 శాతం సమాధానాలు సరైనవైతే పాసైనట్టు, అంటే ఇరవై ప్రశ్నలుంటే పన్నెండు రావాలి. గుర్తులను బట్టీ పట్టే బదులు వాటి ఆకారాలను అర్థం చేసుకుంటే సగం పని అయిపోతుంది. ఎర్ర అంచున్న వృత్తం ఒక పనిని వద్దంటుంది, నీలం వృత్తం తప్పక చేయమంటుంది, త్రికోణం ముందున్న ప్రమాదాన్ని హెచ్చరిస్తుంది, దీర్ఘచతురస్రం పెట్రోలు బంకో ఆసుపత్రో ఎక్కడుందో తెలియజేస్తుంది. తలకిందులుగా ఉన్న త్రికోణం కనిపిస్తే అవతలివారికి దారి ఇవ్వాలి, ఎనిమిది మూలల ఎర్ర పలక దగ్గర పూర్తిగా ఆగాలి.

ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది చేతికి వచ్చిన 30 రోజుల తర్వాతే అసలు పరీక్షకు అర్హత వస్తుంది. ఈ కాలంలో బండికి ముందూ వెనుకా తెల్లటి పలక మీద ఎర్రటి 'ఎల్' అక్షరం ఉండాలి. నేర్పించే లైసెన్సుదారుడిని తప్ప వెనుక సీటులో మరెవరినీ ఎక్కించుకోకూడదు. చాలామందికి తెలియని నియమం ఇది. ఎల్ఎల్ఆర్ వచ్చిన మర్నాడే చెల్లెలిని కాలేజీలో దింపడానికి బయలుదేరుతారు.

ఇక సాధన సంగతి. ఉదయం ఆరు గంటలకు ఏ బడి మైదానానికో వెళ్లి, రెండు ఇటుకలను పది అంగల దూరంలో పెట్టండి. మొదటి గేరులో వాటి చుట్టూ ఎనిమిది ఆకారంలో తిరగండి. ఇక్కడ మూడు అవయవాలు కలిసి పనిచేయాలి. కుడి చేతితో ఇచ్చే రేజు పెరగకుండా, తగ్గకుండా ఒకే తీరులో ఉండాలి. ఎడమ చేతి క్లచ్ పూర్తిగా వదలకుండా సగం దగ్గర ఆపాలి. మెకానిక్కులు హాఫ్ క్లచ్ అనేది దీన్నే. కుడి పాదం వెనుక బ్రేకును ఒత్తీ ఒత్తనట్టు తాకుతూ ఉండాలి. బండి మరీ ముందుకు ఉరికితే క్లచ్‌ను గోరంత లోపలికి తీసుకోండి, పక్కకు పడిపోతున్నట్టు అనిపిస్తే గోరంత వదలండి. పడిపోతుందేమోనని బండి ఆపబోతేనే నిజంగా పడిపోతుంది, కాస్త లాగితే లేస్తుంది. ముందు బ్రేకు జోలికి మాత్రం పోకండి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టుకుంటే ఎంత నెమ్మదిగా ఉన్నా బండి ఒరిగిపోతుంది. స్కూటర్ అయితే కుడి పాదం చేసే పనిని ఎడమ చేతి బ్రేకు చేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చూపు. నేను మొదటిసారి పరీక్షకు వెళ్లినప్పుడు తప్పింది అక్కడే. మొదటి సున్నా బాగానే చుట్టాను, రెండో దానిలో గీత మీదికి వెళుతున్నానేమోనని ముందు చక్రం వంక చూశాను, అంతే, ఎడమ కాలు దానంతట అదే నేల మీదికి వచ్చేసింది. ఇన్‌స్పెక్టరు గారు తల కూడా ఎత్తకుండా వారం తర్వాత రమ్మన్నారు. బయటికి వస్తుంటే గేటు దగ్గరి హోంగార్డు, 'చక్రం ఎక్కడికీ పోదు బాబూ, నువ్వు పోయే చోటు చూసుకో' అన్నాడు. రోజంతా అవే తప్పులు చూసేవాడి మాట కదా అని ఆ వారమంతా అదే అభ్యాసం చేశాను. మలుపులోకి దిగకముందే మెడ తిప్పి మలుపు అవతలి అంచును చూడాలి. చూపు ఎటుంటే భుజాలు అటు తిరుగుతాయి, భుజాలను అనుసరించి హ్యాండిల్ తిరుగుతుంది. పది అంగల దూరంలో తడబాటు లేకుండా పది చుట్లు వచ్చాక ఇటుకలను ఏడు అంగలకు జరపండి. అక్కడా వస్తే ఏ ట్రాకైనా విశాలంగానే కనిపిస్తుంది.

పరీక్షకు తీసుకెళ్లే బండి ఏ తరగతికి దరఖాస్తు చేశారో ఆ తరగతిదే అయి ఉండాలి, ఆర్‌సీ (బండి రిజిస్ట్రేషను పత్రం), బీమా, కాలుష్య పత్రం చెల్లుబాటులో ఉండాలి. అరువు బండితో వెళ్లాల్సి వస్తే కనీసం రెండు రోజుల ముందే తెచ్చుకుని నడపండి. స్ప్లెండర్ వంటి బళ్లలో గేర్లన్నీ ముందుకు తొక్కితేనే పడతాయి, పల్సర్ వంటి వాటిలో మొదటిది కిందికి, మిగిలినవి పైకి. ఒకదానికి అలవాటుపడిన కాలు రెండోదాని మీద మొదటి గేరు అనుకుని న్యూట్రల్‌లో పెట్టి, ఖాళీ రేజు ఇచ్చి నవ్వులపాలు చేస్తుంది. బయలుదేరే ముందు అద్దాలు, ఇండికేటర్లు, హారను, బ్రేకు లైటు పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి.

హైదరాబాదులో నాగోలు, కొండాపూర్ వంటి చోట్ల ప్రత్యేకంగా వేసిన ట్రాకులు ఉన్నాయి. చిన్న పట్టణాల్లో మైదానంలో గీసిన గీతలతోనే పని జరుగుతుంది. ఎక్కడైనా ఎనిమిది ఒక్కటే చూస్తారనుకోవద్దు. బయలుదేరే ముందు అద్దం సరిచేసుకున్నారా, స్టాండు తీశారా, మలుపుకు ముందు సిగ్నల్ ఇచ్చారా, గేరు మార్చడం, ఎత్తు మీద ఆగి వెనక్కి జారకుండా మళ్లీ కదలడం, ఉన్నట్టుండి ఆపమంటే అదుపు తప్పకుండా ఆపడం, ఇవన్నీ నిబంధనల్లో ఉన్నవే. వరుసలో ముందున్న నలుగురైదుగురిని గమనించండి, ట్రాకు ఎక్కడ ఇరుకవుతుందో తెలుస్తుంది. హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకునే ట్రాకులోకి వెళ్లండి.

తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ హాజరు కావచ్చు. వరుసగా మూడుసార్లు తప్పితే మాత్రం చివరి పరీక్ష నుంచి 60 రోజులు ఆగాల్సిందే. ఈ ఆగడం ఇష్టం లేక గేటు బయట 'అంతా మేం చూసుకుంటాం' అనే ఏజెంటుకు డబ్బులిచ్చేవాళ్లున్నారు. ఫారం నింపడంలో సాయం తీసుకోవడం వేరు, పరీక్షే తప్పించుకోవడం వేరు. ఆ రెండోది చేసినవారికి కార్డు దొరుకుతుంది గానీ వాన పడుతున్న సాయంత్రం బస్సుకూ డివైడరుకూ మధ్య ఇరుక్కున్నప్పుడు ఏజెంటు వచ్చి హాఫ్ క్లచ్ పట్టుకోడు. కార్డు రాగానే పేరు, పుట్టిన తేదీ, తరగతి చూసుకోండి. డిజీలాకర్, ఎం-పరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో ఉన్న లైసెన్సు ప్రతి కూడా తనిఖీలో చెల్లుతుంది.

రోజువారీ ప్రయాణంలో మొదటి ఖర్చు హెల్మెట్ కావాలి. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అనే సంఖ్య ఉన్నదే కొనండి. రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్మేవాటిలో కొన్ని ఛలానా నుంచి కాపాడతాయేమో గానీ తలను కాపాడవు. దర్జీ టేపుతో కనుబొమల పైనుంచి తల చుట్టూ కొలిచి, ఆ సైజుదే తీసుకోవాలి. పెట్టుకున్నాక చెంపలు కాస్త నొక్కుకున్నట్టు ఉండాలి. హెల్మెట్‌ను పట్టి అటూ ఇటూ తిప్పితే దానితోపాటు చర్మం కదలాలి, హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది వదులు. గడ్డం కింద పట్టీ రెండు వేళ్లు దూరేంత బిగువుగా పెట్టుకోవాలి. పట్టీ పెట్టని హెల్మెట్ కింద పడేటప్పుడు తలకన్నా ముందే ఎగిరిపోతుంది, చట్టం కూడా దాన్ని హెల్మెట్ లేనట్టే లెక్కిస్తుంది. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలినదాన్ని, పైకి ఏమీ కనిపించకపోయినా, పక్కన పెట్టేయాలి. లోపలి థర్మోకోల్ లాంటి పొర ఒక్క దెబ్బకే నలిగి తన పని ముగించుకుంటుంది. ఎండాకాలం చెమటకు భయపడి మానేసేవారు లోపల పలచటి నూలు టోపీ పెట్టుకుని, దాన్ని రోజూ ఉతుక్కుంటే సరిపోతుంది. నల్ల అద్దం పగలు అందమే, రాత్రి మాత్రం గుంత కనిపించదు.

వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్లు దాటిన పిల్లలు కూడా ఈ నియమంలోకే వస్తారు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను నడిపేవారికి కలిపి కట్టే జీను లాంటి పట్టీతో, వారి తలకు సరిపోయే హెల్మెట్‌తో, గంటకు 40 కిలోమీటర్లు మించకుండా తీసుకెళ్లాలన్న నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ట్యాంకు మీద పిల్లవాడిని కూర్చోబెట్టి, వెనుక భార్య ఒడిలో మరొకరిని పెట్టుకుని వెళ్లే దృశ్యం మనకు ఎంత అలవాటైపోయినా, చట్టం వెనుక ఒక్కరినే అనుమతిస్తుంది. చీర కొంగు, చున్నీ చివర చక్రంలో చిక్కుకోవడం వల్ల జరిగే ప్రమాదాలు తక్కువేం కాదు. కదిలే ముందు ఒకసారి వెనక్కి తిరిగి 'కొంగు సర్దుకున్నావా' అని అడగడం అలవాటు చేసుకోండి.

బ్రేకు విషయంలో ఇంటింటా ఒక తప్పుడు ఉపదేశం ఉంది: ముందు బ్రేకు ముట్టుకోవద్దు, బోర్లా పడతావు అని. తిన్నని రోడ్డు మీద బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే, ఎందుకంటే ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. రెండింటినీ కలిపి, ముందుదాన్ని నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బిగించాలి. పైన ఎనిమిది దగ్గర ముందు బ్రేకు వద్దన్నది హ్యాండిల్ తిరిగి ఉన్నప్పటి సంగతి. బండి నిటారుగా, హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు అదే మీ ప్రాణస్నేహితుడు. 125 సీసీ దాటిన కొత్త బళ్లకు ఏబీఎస్ వస్తోంది, దాని వల్ల చక్రం బిగుసుకుని జారిపోవడం తగ్గుతుంది. అయినా ఖాళీ రోడ్డు మీద ముప్ఫై వేగంలో ఎంత దూరంలో ఆగగలరో నెలకొకసారి చూసుకోవడం మంచిది.

వానాకాలంలో మొదటి పది నిమిషాల చినుకులే ఎక్కువ ప్రమాదం. ఎండకు రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము అప్పుడే తడిసి జారుడుబండ అవుతాయి. గట్టి వాన పడితే కడుక్కుపోతాయి. జీబ్రా క్రాసింగు తెల్లచారలు, మ్యాన్‌హోల్ మూతలు, రైలు పట్టాలు తడిస్తే వాటి మీద బ్రేకు వేయకండి, వంగకండి, తిన్నగా దాటండి. నీళ్లు నిలిచిన చోట ముందు వెళుతున్న బండి చక్రం ఎంత మునుగుతోందో చూసి గాని దిగవద్దు.

పల్లె రోడ్లకు పట్నం ట్రాకులో ఎవరూ నేర్పని పాఠాలు ఉన్నాయి. కోతల కాలంలో సగం రోడ్డు మేర వడ్లు, మక్కలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. పగలు తప్పుకోవచ్చు, రాత్రి ఎదురుగా వచ్చే లారీ లైట్లలో ఆ రాళ్లు కనిపించవు, గింజల మీద చక్రం గోలీల మీద నడిచినట్టు జారుతుంది. అలాంటి రోడ్డు మీద చీకటిపడ్డాక నలభైకి మించి వెళ్లే పని పెట్టుకోవద్దు. ఇసుక ట్రాక్టరు తిరిగే మలుపులదీ ఇదే సంగతి. రోడ్డు దాటుతున్న బర్రెల మందలో ముందుది వెళ్లిపోతే వెనుకది కూడా వస్తుందని లెక్క వేసుకోవాలి, దూడ ఉంటే మరీనూ. సంక్రాంతి రోజుల్లో నగరంలో అయినా, ఊరిలో అయినా మెడకు మందపాటి గుడ్డ చుట్టుకోండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించినా ఇప్పటికీ దొరుకుతూనే ఉంది, ఫ్లైఓవర్ల మీద ఆ దారం కంటికి కనిపించదు.

బండిని చూసుకోవడానికి వారానికి పది నిమిషాలు చాలు. గాలి ఉదయాన్నే, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. ఎంత ఉండాలో బండి మీదే అంటించి ఉంటుంది. చైనును మధ్యలో వేలితో కింది నుంచి పైకి నొక్కితే రెండు మూడు సెంటీమీటర్లు కదలాలి. అంతకన్నా వదులైతే గేరు మారినప్పుడు కుదుపు, బిగువైతే పళ్లు అరిగిపోవడం. సైడ్ స్టాండు తీయడం మరిచిపోతే ఎడమ మలుపులో అది నేలకు తగిలి పడేస్తుంది.

పడిపోయినప్పుడు, లేదా పడినవారిని చూసినప్పుడు 108కి ఫోను చేయండి. స్పృహలో లేని మనిషి హెల్మెట్‌ను, ఊపిరి ఆడటానికి అడ్డుగా ఉంటే తప్ప, లాగకండి. మెడకు దెబ్బ తగిలి ఉండవచ్చు. సాయం చేస్తే పోలీసుల చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం అక్కర్లేదు, 2019 సవరణతో చట్టంలో చేరిన 134ఏ సెక్షను సాయపడినవారికి రక్షణ ఇస్తుంది, పేరు చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు.

చివరిగా, బండి కొన్న వారంలోనే ఎదురయ్యే ఇబ్బంది. 'బావా, ఒక్క రౌండు' అంటూ పక్కింటి అబ్బాయి తాళం అడుగుతాడు, వాళ్లమ్మ కూడా 'ఇవ్వండి, పాలు తెస్తాడు' అంటుంది. వాడికి పద్దెనిమిది నిండకపోతే, 199ఏ సెక్షను కింద సంరక్షకుడికి గానీ బండి యజమానికి గానీ మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు, నడిపిన పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేకపోవడం అనేవి రాసి ఉన్నాయి. నేను మొహమాటం లేకుండా ఈ మాట చెప్పి, పాలు నేనే తెచ్చి ఇస్తున్నాను. పెద్దవాళ్లు అడిగినా ముందు కార్డు తెరిపించి తరగతి చదువుతాను. గేర్లు లేని బండికి మాత్రమే లైసెన్సు ఉన్న మా మేనత్త కొడుకు మొన్న అలిగి ఆటోలో వెళ్లాడు, ఈ వారం తన ఎల్ఎల్ఆర్ కోసం స్లాటు తీసుకున్నాడు, ఇటుకలు మా ఇంటి నుంచే పట్టుకెళ్లాడు.